ముందు నీ బేరం, తర్వాత నా అద్దె

బూబమ్మ గారి కొడుకు పోయిన నెల మొదట్లో మా కొట్ల వరసకు వచ్చాడు. అతను మాచర్లలో లారీలు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. నరసరావుపేటలో ఉండేది తక్కువ. తల్లి పోయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. అద్దెల కోసం వచ్చాడనుకుని మావారు గల్లాపెట్టె మూత ఎత్తారు. అతను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈ నెల అద్దె ఎవురూ ఇయ్యొద్దు బాబాయ్. అమ్మ పేరున మాఫ్ చేస్తన్నా. అయిదు కొట్లకీ.”

మంచి మనసుతో అన్న మాటే. అయినా మాలో ఒక్కరూ సంతోషపడలేదు. పక్క కొట్టు గాజుల బాబాయి గడపలో నిలబడి ఎండ ఎంత ఎక్కిందో చూస్తున్నట్టు పైకి చూశాడు. మావారు ఎత్తిన మూత ఎత్తినట్టే పట్టుకుని ఉండిపోయారు. ఆ మాట బూబమ్మ గారు వింటే ఏమనేదో నాకు ఆమె గొంతుతో సహా వినపడింది.

తర్వాత ఏం జరిగిందో చెప్పే ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. లేకపోతే అద్దె వద్దంటే అయిదు కొట్ల వాళ్ళు ఎందుకు దిగాలుపడ్డారో ఎవరికీ అర్థం కాదు.

బూబమ్మ అన్నది ఆమె పేరు కాదు. ముస్లిముల ఇళ్ళల్లో పెద్దావిడను ఊరంతా అలాగే పిలుస్తారు. అసలు పేరు నాకు తెలుసు గాని, తన పేరు పదిమంది నోళ్ళలో నలగడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. అందుకని రాయడం లేదు. భర్త నాపరాళ్ళ వ్యాపారం చేసేవాడట. ఆయన పోయేటప్పటికి ఆమెకు మిగిలింది ఒక చిన్న ఇల్లు, ఈ అయిదు కొట్ల వరస. గోడలూ నాపరాయే, కప్పూ నాపరాయే. వరస పొడవునా ముందు ఒక అరుగు, అదీ నాపరాయే. ఎండాకాలం ఆ అరుగు మీద మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. బూబమ్మ గారు మాత్రం తెల్ల చీర కొంగు నెత్తి మీదుగా లాక్కుని, తమలపాకుల డబ్బా పక్కన పెట్టుకుని, కాళ్ళు కిందికి వేలాడేసి దాని మీదే కూర్చునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ అరచేత్తో ఆ రాయిని తడుముతుండేది, బర్రెదూడ వీపు నిమిరినట్టు. ఎక్కడన్నా పగులు తగిలితే మాట ఆపేసి వంగి చూసేది.

అద్దె తీసుకోవడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. మనిషిని పంపేది కాదు, కబురు పెట్టేది కాదు. నెల మొదట్లో ఒక పొద్దున తనే వచ్చి, వరసలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో కొట్టు ముందూ ఆగేది. ఆగి, ముందు ఏదో ఒకటి కొనేది. గాజుల కొట్లో పిన్నీసులు, కిరాణా కొట్లో బెల్లం ముక్క, మా కొట్లో లాంతరు వత్తో గాజు చిమ్నీయో. మాది దీపాల కొట్టు. లాంతర్లు, చిమ్నీలు, వత్తులు, పెళ్ళిళ్ళ గ్యాసులైట్లలో కట్టే మేంటిలు గుడ్డలు అమ్మేవాళ్ళం. కొన్నదానికి డబ్బు ఇచ్చి, వస్తువు కొంగులో కట్టుకుని, అప్పుడు చెయ్యి చాపేది.

“ముందు నీ బేరం, తర్వాత నా అద్దె. ఇయ్యి.”

మేము వచ్చిన కొత్తలో ఒకసారి మావారు మొహమాటపడి, “మీ దగ్గర చిమ్నీకి డబ్బేంటండీ, ఉంచండి” అన్నారు. ఆమె చిమ్నీని తిరిగి బుట్టలోని గడ్డిలో పెట్టేసింది.

“ఇదిగో అబ్బాయ్, ఇయ్యాల నువ్వు నాకు తగ్గిస్తావు. రేపు నేను నీకు తగ్గించాలి. ఎల్లుండి నువ్వు ఎంత తగ్గించావో నేను ఎంత తగ్గించానో ఇద్దరం మనసులో పెట్టుకోవాలి. మనకెందుకా పీడ? దాని ధరెంతో చెప్పు.”

మావారు ధర చెప్పారు. ఆమె కొంది. మర్నాడు ఆ సంగతి గాజుల బాబాయి వరసంతా చెప్పి నవ్వించాడు. “కోటప్పకొండని గుంటూరు జరపొచ్చేమో గానీ బూబమ్మ అద్దె జరగదు అబ్బాయ్” అనేవాడు. ఆమె వింటుండగానే అనేవాడు. “జరిగే కొండ మీద ఎవురు కొట్టు పెడతార్రా” అనేది ఆమె, ఆకుకి సున్నం రాసుకుంటూ.

కొట్టు అద్దెకు ఇవ్వడంలోనూ పద్ధతి ఉండేది. కొత్తగా ఎవరన్నా వచ్చి అడిగితే వెంటనే తాళంచెవి ఇచ్చేది కాదు. “ఒక సంత పోయి ఇంకో సంత వచ్చిందాకా మూసిన తలుపు ముందు అరుగు మీద బుట్ట పెట్టుకుని కూర్చో. అరుగుకి అద్దె లేదు. మనుషులు నీ దగ్గర ఆగుతున్నారో లేదో నువ్వే చూసుకో. ఆగితే తాళం తీస్తా. ఆగకపోతే నీ దారిన నువ్వు పో, నాకు బాకీ లేవు” అనేది. మా పెళ్ళయిన కొత్తలో కారంపూడి నుంచి ఈ ఊరు వచ్చినప్పుడు మావారు కూడా అట్లా కూర్చున్నవారే. గడ్డి పరిచిన బుట్టలో చిమ్నీలు పెట్టుకుని, ఎండకు తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. అన్నం నేనే తీసుకెళ్ళేదాన్ని. నాకు చిన్నతనంగా ఉండేది. ఇంత పెద్ద కొట్టు వెనకాల పెట్టుకుని తలుపు తియ్యకపోవడం ఏమిటి, మనల్ని నమ్మకనా అనుకునేదాన్ని. ఆ వారం మా చిమ్నీలు చాలామటుకు అమ్ముడుపోయాయి. నమ్మాల్సింది మమ్మల్ని కాదు, అక్కడి బేరాన్ని అని ఆలస్యంగా తెలిసింది.

మా నాన్న నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు కలపడం నేర్పాడు. కూడికలు, తీసివేతలు కూడా ఆయనే చెప్పాడు. ఆ చదువు నా కీర్తనలకు తప్ప ఎందుకూ పనికొస్తుందనుకోలేదు. పనికొచ్చేట్టు చేసింది బూబమ్మ గారు.

ఒక వానాకాలం మావారికి టైఫాయిడు వచ్చింది. మంచం మీద నుంచి లేవలేని స్థితి. కొట్టు మూసేశాం. మాకున్న ఆధారమంతా ఆ కొట్టే. నెల మొదటికి బూబమ్మ గారు వరసకు వచ్చి, మా తలుపుకు తాళం చూసి, నేరుగా ఇంటికి వచ్చింది. మంచం దగ్గర కూర్చుని మావారి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. బార్లీ నీళ్ళు ఎట్లా కాచాలో మా అత్తకు చెప్పింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నేను చేతులు కట్టుకుని అడిగాను.

“బూబమ్మ గారూ, ఈ నెల అద్దె తప్పించండి. ఆయన లేచి కూర్చున్నాక ఏదో చేస్తాం.”

“తప్పించను.”

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతసేపూ నుదురు నిమిరిన చెయ్యేనా ఇది అనిపించింది.

“ఏమే, నీకు లెక్కలొచ్చా?”

“కూడికలు, తీసివేతలు మా నాన్న చెప్పాడు.”

“చిమ్నీ పగలకుండా పట్టుకోవడం?”

“ఇంట్లో రోజూ తుడిచేది నేనేగా.”

“ఇంకేం కావాలి? మొగుణ్ణి మీ అత్త చూసుకుంటది. కొట్టు మూసుంటే నా బేరం ఎట్టా అయిద్ది? బేరం కాకుండా అద్దె తీసుకోను. అట్టాగని మాఫూ చెయ్యను. రేపు పొద్దున వచ్చి తలుపు తియ్యి.”

“నేనా? ఆడదాన్ని, కొట్లో ఒక్కదాన్నే ఎట్లా కూర్చునేది?”

“ఒక్కదానివి ఎందుకు కూర్చుంటావు? నేనేం చచ్చానా?”

మర్నాడు నేను తాళం తీసేసరికి ఆమె అరుగు మీద ఉంది. నేను లోపల, ఆమె బయట. ధరలన్నీ లోలోపల వల్లించుకుంటూ కూర్చున్నాను. మొదట వచ్చిన రైతు నన్ను చూసి వెనక్కి తగ్గాడు.

“ఏంది బూబమ్మా, ఆడమనిషి కూర్చుంది?”

“మగాడు అమ్మితేనే నీ లాంతరు ఎలుగుద్దా? చిమ్నీ కావాలా, కబుర్లు కావాలా?”

“చిమ్నీయే.”

“అయితే ఆ పిల్లని అడుగు. నా మొహం చూస్తే చిమ్నీ రాదు.”

అతను నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. అది నా మొదటి బేరం. మావారు లేచి తిరిగేదాకా ప్రతి పొద్దునా ఆమె అరుగు మీద ఉంది. ఒక్క చిమ్నీ తను అమ్మలేదు, ఒక్క ధర తను చెప్పలేదు. ఊరికే కూర్చుంది. మధ్యాహ్నం నమాజు వేళకు మా కొట్టు వెనక గదిలో కొంచెం చోటు అడిగేది. నేను ఊడ్చి చాప పరిచేదాన్ని. ఆమె అక్కడ మోకరించినప్పుడు నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని నాకు నోటికొచ్చిన కీర్తన లోలోపల చెప్పుకునేదాన్ని. రెండు ప్రార్థనలకు ఆ చిన్న కొట్లో చోటు చాలింది. ఆ రోజులకు నేను దేవుడికి ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో. ఇప్పటికీ పొద్దున లేవగానే చెప్పుకునే వాటిలో అదొకటి.

ఆ నెలాఖరుకు అద్దె డబ్బు కొట్లోనే పోగయింది. ఆమె వచ్చి ఒక వత్తి కొని, నా చేతిలోంచి అద్దె తీసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడవబాక. నేను మాఫ్ చేసుంటే నువ్వు ఇంట్లో కూర్చునేదానివి. మళ్ళా నెల కూడా అడిగేదానివి. నేనూ సరేననేదాన్ని. ఆ తర్వాత కొట్టూ పోయేది, నువ్వు నా మొహమూ చూసేదానివి కాదు. ఇప్పుడు చూడు, నాకు నువ్వు ఏం బాకీ?”

“ఏం లేదు.”

“అదీ.”

ఆమెలో అంతా నాకు నచ్చిందని చెప్పను. మా వరసలోనే సోడాల కొట్టు నడిపే ఒకాయన అద్దె చెల్లించలేక నెలలు జరిపితే తాళం వేసేసింది. అతని భార్య నడిరోడ్డు మీద ఆమెను శపించింది. బూబమ్మ గారు తలెత్తకుండా విని, రాయి తడుముకుంటూ కూర్చుంది. నన్ను కూర్చోబెట్టినట్టు ఆ సోడాలాయన భార్యను ఎందుకు కూర్చోబెట్టలేదో నాకు తెలియదు. అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేకపోయాను.

తర్వాత సాగరు కాలవ తవ్వే రోజులు వచ్చాయి. నీళ్ళొస్తే పల్నాడంతా మాగాణి అవుతుందని, నరసరావుపేట రెండింతలవుతుందని ఎవరి నోట విన్నా అదే మాట. పత్తి వ్యాపారం చేసే ఒక ఆసామి రైలు గేటు అవతల కొత్తగా కొట్ల వరస కట్టించాడు. సిమెంటు గచ్చు, మడత ఇనప తలుపులు, ప్రతి కొట్టుకూ కరెంటు. పైగా మొదటి ఏడాది అద్దె లేదన్నాడు. చెక్క అరలు కూడా తనే కొట్టించి ఇస్తానన్నాడు. అయిదేళ్ళకు ఒప్పందం రాసుకుంటే చాలు. ఆ తర్వాత అద్దె మా అద్దెకు ఒకటిన్నర రెట్లు. మధ్యలో ఖాళీ చేస్తే మాత్రం, వదిలేసిన ఆ ఏడాది అద్దె కూడా లెక్కగట్టి ఇచ్చి పోవాలి. ఆయన దుర్మార్గుడేం కాదు. వెళ్ళినవాళ్ళకల్లా నిమ్మకాయ నీళ్ళిచ్చి, చూపించాల్సినదంతా ఓపిగ్గా చూపించేవాడు. ఒప్పందంలో ఉన్నదీ దాచలేదు. ఏడాది అద్దె లేదన్న మాట విన్నాక మిగతాది ఎవరి చెవికీ ఎక్కలేదు, అంతే.

మావారికి ఆశ పుట్టింది. ఊళ్ళోకి కరెంటు వస్తున్న కొద్దీ లాంతర్లు తగ్గుతాయని, కొత్త చోట బల్బులు, వైర్లు కూడా పెట్టొచ్చని ఆయన ఆలోచన. ఏడాది అద్దె మిగిలితే ఆ డబ్బుతో సరుకు తేవచ్చు. నాకూ నిజంగా బాగానే తోచింది. గాజుల బాబాయి అయితే అప్పటికే పోవడానికి నిశ్చయించుకున్నాడు. పోయేముందు ఆఖరి మాటగా మా అందరినీ వెంటేసుకుని బూబమ్మ గారి దగ్గరకు వచ్చాడు. ఆమె అరుగు మీదే ఉంది.

“బూబమ్మా, ఆయన ఏడాది వదుల్తన్నాడు. నువ్వు రెండు నెలలు వదులు. ఎవురం కదలం.”

“వదలను.”

“పోనీ ఒక్క నెల.”

“ఏంది, వంకాయల బేరమా? అద్దె ఎక్కువగా ఉందా, ఉందని చెప్పు. కూర్చుని మాట్లాడదాం. ఎక్కువ అయితే పన్నెండు నెలలకీ తగ్గిద్దాం, అందరికీ తగ్గిద్దాం. ఒక నెల పుణ్యానికిచ్చి మిగతా నెలలు నా చెయ్యి పైన, నీ చెయ్యి కింద అనుకుంటా బతకడం నాకు చేతకాదు.”

“ఏడాది ఊరికే ఇచ్చేవాడు చేతగానోడా మరి?”

“చానా చేతనైనోడే. ఆ ఏడాది నీ గల్లాలో డబ్బు కనపడుద్ది. లాభమనుకుంటావు. అద్దె కట్టని కొట్లో ఎవుడికైనా లాభమే కనపడుద్ది. మునుగుతున్నావో తేలుతున్నావో నెలనెలా చెప్పేది అద్దే. అది ఏడాది నోరు మూసుకుంటే, తెలిసేసరికి పీకల దాకా వచ్చుద్ది.”

బాబాయి నవ్వేశాడు. “నీకు వరస ఖాళీ అయిద్దని భయం.”

“భయమే. నాకు ఈ కొట్లు తప్ప ఏముంది? అయినా వదలను.” తర్వాత మావారి వైపు తిరిగింది. “నువ్వూ పోతన్నావా?”

ఆయన తల దించుకున్నారు.

“పోవాలనిపిస్తే పో. నేను బాధపడతా గానీ తిట్టను. పోయేముందు రెండు పనులు చెయ్యి. ఆ ఏడాది అద్దెని అయిదేళ్ళ మీద సమానంగా పరిచి, నెలనెలా అంత తగ్గించి రాయమను. ఇచ్చేది పుణ్యానికే అయితే ముందిస్తే ఏంది, కొంచెం కొంచెం ఇస్తే ఏంది? రెండోది, సంతరోజు బుట్ట తీసుకుపోయి ఆ కొట్ల ముందు కూర్చో.”

మావారు వెళ్ళి మొదటిది అడిగారు. ఆసామి నిమ్మకాయ నీళ్ళిచ్చి, చిరునవ్వుతోనే కాదన్నాడట.

“అట్టా కుదరదయ్యా. కావాలంటే ఇంకో రెండు నెలలు ఎక్కువ వదుల్తా. కాగితం మీద అద్దె మాత్రం తగ్గకూడదు. ఈ ఒప్పందాలు చూపించే గుంటూరులో అప్పు తెచ్చా. అద్దె తగ్గితే నా కొట్ల విలువ తగ్గుద్ది.”

ఇంటికి వచ్చి ఆ మాట చెబుతూ చెబుతూ మావారే మధ్యలో ఆగిపోయారు. “అయితే ఆ ఏడాది మనకిచ్చేది కాదు. ఆ కాగితానికి ఇచ్చేది” అన్నారు నెమ్మదిగా. అయినా ఆయన ఇంకా పూర్తిగా మనసు మార్చుకోలేదు. సంతరోజు బుట్టలో చిమ్నీలు సర్దుకుని రైలు గేటు దాటి వెళ్ళారు. పొద్దు వాలాక వచ్చారు. బుట్ట దింపితే గడ్డి చెదరలేదు. సంతకు వచ్చిన బండ్లన్నీ గేటుకు ఇవతలే ఆగిపోయాయట. గేటు పడితే ఎద్దులు బెదురుతాయని అటు తోలలేదట. అక్కడ ఆయన్ని పలకరించింది ఒక్క గాజుల బాబాయే. అప్పటికే ఆయన కొత్త కొట్టుకు అద్దాలు బిగిస్తున్నాడు.

మేము కదల్లేదు.

బాబాయి వెళ్ళిపోయాడు. ఆ కొట్టు చాలాకాలం ఖాళీగా ఉంది. ఎవరొచ్చినా ఒకటే మాట, “ఎన్ని నెలలు వదుల్తారు?” ఆమె అదే జవాబు చెప్పి పంపేది. తమలపాకుల డబ్బా తేవడం మానేసింది. పళ్ళు నొప్పి అన్నది గాని నొప్పి పళ్ళకు కాదని మాకు తెలుసు. నెల మొదట్లో కొనడం మాత్రం మానలేదు. ఖాళీ కొట్టు ముందు కూడా ఒక నిమిషం ఆగి వచ్చేది.

ఒక సంతరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూసింది. ఎవరితోనూ మాట్లాడలేదు. లేచేముందు మమ్మల్ని పిలిచింది.

“బేరాలు తగ్గినయ్. నా కళ్ళతో చూశా. ఊళ్ళోవాళ్ళు కొందరు గేటు అవతల కొత్త కొట్లకి పోతన్నారు. ఈ రాళ్ళకి ఇప్పుడున్న అద్దె ఎక్కువ. వచ్చే నెల నుంచి తగ్గిస్తన్నా. నలుగురికీ ఒకటే. ఖాళీ కొట్టుకీ అదే. మళ్ళా బేరాలు పెరిగితే మీరే చెప్పాల, పెంచుతా.”

ఎవరూ అడగకుండానే తగ్గించింది. అది చాలదన్నట్టు, పెరిగితే మమ్మల్నే చెప్పమన్నది. నిజంగానే తర్వాత కొన్నేళ్ళకు మావారే వెళ్ళి బేరాలు బాగున్నాయని చెప్పి వచ్చారు. కోరి అద్దె పెంచుకోవడం ఎవరన్నా చేసే పనేనా అని మా అత్త రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రైలు గేటు అవతల ఆ ఏడాది గడిచింది. అద్దె మొదలైన నెల ఇద్దరు తలుపులు మూశారు. మూసిన తలుపుల పక్కన కొట్టుకు ఎవరూ రారు గనక మరొకరు మూశారు. ఉండలేరు, పోతే ఏడాది అద్దె మీద పడుతుంది. బాబాయి బంగారపు పూత గాజులన్నీ వచ్చినకాడికి అమ్మి, ఆసామి కాళ్ళావేళ్ళా పడి, కొంత ఇచ్చి బయటపడ్డాడు. ఆసామీ సుఖపడలేదు. కాగితం మీద అద్దెలు అట్లాగే ఉన్నాయి, ఇచ్చేవాళ్ళు లేరు. అప్పు కింద పొలం పోయిందన్నారు. ఇప్పుడు ఆ కొట్లలో మిరపకాయ బస్తాలు వేస్తారు.

బాబాయి ఒక పొద్దున ఒట్టి చేతులతో వచ్చి బూబమ్మ గారి ముందు నిలబడ్డాడు. మేమంతా పనున్నట్టు గుమ్మాల్లో తచ్చాడుతున్నాం.

“తప్పయిపోయింది బూబమ్మా. నా కొట్టు నాకియ్యి.”

“బుట్ట తెచ్చుకుని అరుగు మీద కూర్చో.”

“నాకు తెలవని అరుగా?”

“అరుగుకి నువ్వు గుర్తుండాల గదా. ఏడాదయింది.”

ఆయన కూర్చున్నాడు. అంతకు ముందు ఆయన దగ్గర గాజులు తొడిగించుకున్న ఆడవాళ్ళు ఒక్కరొక్కరే వచ్చారు. తొడిగించుకుంటూ ఆయన్ని ఆటపట్టించారు, గేటు అవతల గాజులు పగలవంట గదా బాబాయ్ అని. సంత మళ్ళీ వచ్చేసరికి బూబమ్మ గారు తాళం తీసింది. లోపల బూజు లేదు, దుమ్ము లేదు. ఖాళీగా ఉన్న ఆ కొట్టును ఇన్నాళ్ళూ ఎవరు ఊడ్చారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అద్దె ఎంతంటే అందరికీ తగ్గించినంతే అన్నది.

“ఏందిది, కోటప్పకొండ జరిగిందే” అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

“కొండ జరగలా. నువ్వు దూరం పోయి చూశావు” అంది ఆమె.

ఆమె పోయిన రోజున కూడా పొద్దున కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిందని కిరాణా కొట్టు వాళ్ళు చెప్పారు. నేను చూడలేదు. ఆ ఉదయం ఆమెను చూసే భాగ్యం నాకు లేకపోయింది. ఇచ్చినదానికే దేవుడికి వందనం.

ఇక ఆ కొడుకు సంగతి. అద్దె వద్దని అతను చెయ్యి అడ్డం పెట్టినప్పుడు మావారు నా వైపు చూశారు. గాజుల బాబాయీ నా వైపే చూశాడు. టైఫాయిడు నాటి సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు.

“బాబూ, అమ్మ పేరున అయితే తీసుకోవాలి” అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు.

“మీ అమ్మ ఏనాడూ ఒక నెల వదల్లేదు. వదలకపోబట్టే ఇయ్యాల ఈ గల్లాపెట్టె దగ్గర నేనూ కూర్చుంటున్నా. ఈ నెల వదిలావంటే మేమంతా ఆమెకు బాకీ పడతాం. పోయిన మనిషి బాకీ ఎట్లా తీర్చేది?”

అతను అరుగు మీద కూలబడ్డాడు. కాళ్ళు కిందికి వేలాడేసి, తల వంచుకుని కాసేపు ఏడ్చాడు. అరచెయ్యి తనకు తెలియకుండానే రాయి మీద అటూ ఇటూ తిరుగుతోంది. బాబాయి వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

“ముందు బేరం అయ్యా. అమ్మ ముందు ఏదన్నా కొనేది” అన్నాడు.

అతను కళ్ళు తుడుచుకుని మా అరల వంక చూశాడు.

“ఇంట్లో గూటి నిండా మీ చిమ్నీలే ఉన్నయ్ పిన్నీ. కట్టిన గడ్డి కూడా విప్పలా. ఇంట్లో కరెంటు వచ్చి ఎన్నాళ్ళో అయింది. ఎందుకు కొనేదో నాకు ఎప్పుడూ చెప్పలా.”

అతను లేచి వచ్చి, గడ్డిలోంచి ఒక చిమ్నీ తీసి, వెలుతురుకు ఎత్తి చూశాడు. పగులుందేమోనని తల్లి చూసినట్టే చూశాడు.

“ఇదెంత పిన్నీ?”

మావారు ఉంచుకోమనబోయారు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా రావడం నేను చూశాను.

నేను ధర చెప్పాను.